ఊటీ అని రాసినదల్లా ఊటీ కాదు

ఊటీ వెళ్లేవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది చాక్లెట్ల దగ్గరో పడవ షికారు దగ్గరో కాదు, ఆ రెండక్షరాల పేరు దగ్గరే. బుకింగ్ యాప్‌లో "ఊటీ" అని కొట్టి చూడండి. వచ్చే గదుల్లో చాలావి ఊళ్లో ఉండవు. లవ్‌డేల్, కేత్తి అయితే ఫర్వాలేదు, పది కిలోమీటర్ల లోపే. కూనూరు 19 కిలోమీటర్లు, కోటగిరి దాదాపు 30. అవీ మంచి ఊళ్లే, వాటి పేరుతోనే అమ్ముకోవచ్చు కదా!

అసలు చిక్కు మసినగుడితో. మ్యాపులో ఊటీకి 30 కిలోమీటర్ల లోపే కనిపిస్తుంది. అబద్ధమేమీ లేదు. కానీ ఆ దారి కల్లట్టి ఘాట్, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంటే మసినగుడి సుమారు వెయ్యి మీటర్ల దగ్గర ఆగిపోతుంది. వెయ్యి మీటర్లు కిందికి దిగితే ఆరు డిగ్రీలకు పైనే వేడి పెరుగుతుందని లెక్క. అంటే మే నెలలో పిల్లలకు కొన్న స్వెట్టర్లు సంచిలోంచి బయటికి రావు, పెద్దవాళ్లు మాత్రం "ఇదేనా నీ ఊటీ?" అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉంటారు. పైగా ఘాట్‌లో ప్రమాదాల వల్ల బయటి బండ్లను ఊటీ నుంచి కల్లట్టి మీదుగా దిగనివ్వరు. గూడలూరు చుట్టి రావాలి, ముప్పై కాస్తా డెబ్బై దాటుతుంది. జింకలు, ఏనుగులు, అడవి కావాలనుకుంటే మసినగుడి బంగారం. చలి కోసమైతే అక్కడ గది తీసుకోవద్దు.

గది చవకని మురిసిపోయే ముందు చిన్న లెక్క. ఊళ్లో గది 2,200, ఎనిమిది కిలోమీటర్ల అవతల 1,600 అనుకోండి. ఊళ్లోకి ఆటో ఒక వైపుకు 300 అడిగితే, రోజుకు వెళ్లిరావడానికే 600. మిగిలింది సున్నా. చీకటి పడ్డాక తిరుగు ఆటో దొరక్కపోతే ఆ లాడ్జి క్యాంటీన్‌లో పెట్టిందే తినాలి. బస్టాండూ రైల్వే స్టేషనూ పక్కపక్కనే; చెరువు, రేసుకోర్సు దగ్గరే. ఊరి నడిమి కూడలి ఛారింగ్ క్రాస్ చుట్టుపక్కల ఉంటే బొటానికల్ గార్డెన్‌కు నడిచి పోవచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లు బస్టాండుకూ ఛారింగ్ క్రాస్‌కూ మధ్యే వెతకండి.

గది చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఫ్యాను లేదని గొడవ పడకండి, అక్కడ చాలా గదులకు ఉండదు. చూడాల్సింది మంచం వెనక గోడ: అరచెయ్యి ఆనిస్తే చెమ్మ తగిలిందా, మూలల్లో నల్ల బూజు మచ్చలున్నాయా. రగ్గు విప్పి వాసన చూడండి, ముక్కిపోయిన వాసన వస్తే మార్చమనండి. తూర్పు కిటికీ ఉన్న గది అడగండి, పొద్దున్నే ఎండ పడితే పడక ఆరుతుంది. వేడినీళ్లు ఏ వేళల్లో, గది వెచ్చబెట్టే హీటరుకు విడిగా ఎంత, ఈ రెండూ ముందే తేల్చుకోండి. డిసెంబరు, జనవరిలో గడ్డి మీద మంచు పేరుకునే రాత్రుల్లో హీటరు బేరం రాత్రి పదింటికి మొదలైతే ఓడేది మనమే.

ఇక పేరు సంగతి. రైల్వేవాళ్లకు అది ఉదగమండలం, కోడ్ యూఏఎం. టికెట్ వెతికేటప్పుడు ఈ కోడే కొట్టండి. కోయంబత్తూరు బస్సుల బోర్డుల మీద తమిళంలో "ఉదగై" అని ఉంటుంది. కండక్టరును ఊటీ అని అడిగితే చాలు. మండలం అంటే మన తహసీల్దారు మండలం గుర్తుకొస్తుంది గానీ దానికీ దీనికీ పొత్తు లేదు. నీలగిరి గిరిజనులు తోడాలు గేదెలతో ఉండే పల్లెను "మండ్" అంటారు, మన "మంద"కు చుట్టం ఆ మాట. 1821లో మద్రాసు గెజెట్టులో "వోటోకీమండ్" అని అచ్చయింది. మరుసటి ఏడాది కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ అక్కడ రాతి ఇల్లు మొదలుపెట్టాడు, తర్వాత చెరువు తవ్వించాడు. తెల్లవాళ్ల నోట ఊటకమండ్ అయి, ఊటీగా కుదించుకుపోయింది.

కొండరైలు వదలొద్దు. కొండ కింది మెట్టుపాళయంలో ఉదయం 7:10కి బయల్దేరి 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్లకడ్డీలుంటాయి, ఇంజను పళ్లచక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. ఇంజను వెనకనుంచి తోస్తుంది కాబట్టి అన్నిటికన్నా ముందు పెట్టెలో కూర్చుంటే ఎదురుగా కొండే. పైకి టికెట్ దొరక్కపోతే కూనూరు, ఊటీ మధ్య తిరిగే చిన్న రైలు పట్టుకోండి. వానల్లో కొండచరియలు పడి కింది భాగం తరచూ ఆగిపోతుంది.

సొంత బండి అయితే ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, ఈ-పాస్ తప్పదు, 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశం. ఫారంలో "ఊటీ" కోసం వెతక్కండి, నీలగిరి జిల్లా అని ఉంటుంది. కూనూరు, కోటగిరికీ అదే పాస్. 2025 ఎండాకాలంలో రోజుకు 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లే అన్నారు. సర్కారు బస్సుకు ఈ బాధ లేదు. మైసూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు బందీపూర్ అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూతే. నీళ్లు స్టీలు సీసాలో తీసుకెళ్లండి, ప్లాస్టిక్ సీసా కనిపిస్తే జరిమానా.

మన దగ్గర ఆంధ్రా ఊటీలు రెండున్నాయి! మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్, అటు అరకు. మొదటిది 1,300 మీటర్ల లోపు, రెండోది వెయ్యి కూడా దాటదు. ఎత్తులో ఏదీ ఊటీకి సాటిరాదు. ఏనుగు మల్లమ్మ కొండ అని ముచ్చటైన పాత పేరుండగా హార్స్‌లీకి ఈ అరువు పేరెందుకో.

మనం నీలగిరి తైలం అనేది అక్కడ కొట్టుకొట్టుకూ యూకలిప్టస్ ఆయిల్ అని దొరుకుతుంది. కొనే ముందు తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయమనండి. అసలుదైతే కాసేపటికి ఆవిరైపోతుంది. జిడ్డు మరక మిగిలితే సీసా అక్కడే పెట్టేసి వచ్చేయండి.