బెర్లిన్‌లో కన్నీళ్ల మహలు దాకా

బెర్లిన్‌ వెళ్లేవారికి నా మొదటి మాట: తూర్పు, పడమటి బెర్లిన్‌ల మధ్య ఒకప్పటి సరిహద్దు తనిఖీ చోటైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గర ఎక్కువసేపు గడపకండి. అక్కడ కనిపించే కాపలా గది అసలుది కాదు, నమూనా. చుట్టూ ఫొటోల హడావుడి, దుకాణాలు. ఆ పూట బెర్నావర్ వీధికి వెళ్లండి.

1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు మూసి, బెర్లిన్ గోడకు నాంది పలికి నగరాన్ని రెండుగా చీల్చేనాటికి ఆ వీధిలో ఒక వరుస ఇళ్లు తూర్పువి, వాటి ముందున్న కాలిబాట పడమటిది. గడప దాటితే వేరే రాజ్యం. తలుపులు మూసేశారు, కిటికీలకు ఇటుకలు పేర్చారు. ఆగస్టు 22న పై అంతస్తు నుంచి దూకిన ఇడా సీక్‌మన్ ప్రాణం కోల్పోయింది. గోడ దగ్గర తొలి మరణం ఆమెదే. ఇప్పుడు గోడ లేనిచోట తుప్పు రంగు ఇనుప కడ్డీలు వరుసగా పాతారు. పిల్లలు వాటి సందుల్లోంచి అటూ ఇటూ పరుగులు తీస్తుంటే చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. సరిహద్దు మధ్యలో చిక్కుకున్న చర్చిని 1985లో పేల్చేశారు. 2000లో అదే చోట మట్టితో ప్రార్థనా మందిరం కట్టారు. ఆ మట్టిలో పాత చర్చి పెంకులూ కలిపారు. గోడను తడిమితే అవి గరుకుగా చేతికి తగులుతాయి.

అంతకన్నా నన్ను కదిలించింది ఫ్రీడ్రిష్‌స్ట్రాసె స్టేషన్ పక్కనున్న ట్రేనెన్‌పలాస్ట్. కన్నీళ్ల మహలు అని జనం పెట్టిన పేరు. తూర్పు నుంచి పడమటికి వెళ్లేవారిని తనిఖీ చేయడానికి 1962లో కట్టిన గాజు గోడల భవనం. పడమటికి తిరిగివెళ్లే చుట్టాలతో తూర్పువాళ్లు రాగలిగింది దాని గుమ్మం దాకానే. బస్సు కదిలేదాకా నిలబడి సాగనంపే అలవాటున్న మనకు ఆ బాధ విడమరిచి చెప్పనక్కరలేదు. పాస్‌పోర్టు తనిఖీ చేసిన ఇరుకు గదిని అలాగే ఉంచారు. లోపల నిలబడితే భుజాలు ముడుచుకుపోతాయి.

రెండుచోట్లా ప్రవేశం ఉచితం. బెర్నావర్ వీధి ప్రదర్శనశాలకూ, ఈ మహలుకూ సోమవారం సెలవు. జర్మనీ పార్లమెంటు భవనమైన రైష్‌టాగ్ గోపురం కూడా ఉచితమే కానీ ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. విమానాశ్రయం నుంచి నగరంలోకి సి జోన్ (నగరం బయటి ఛార్జీల పరిధి) కలిసిన టికెట్ తీసుకోండి. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారమే సరుకులు కొనిపెట్టుకోండి.

బస విషయంలో మొదట దెబ్బతిన్నాము. నగరం నడిబొడ్డున తీసుకున్న హోటల్లో లిఫ్టు పనిచేయలేదు. అమ్మ మోకాళ్ల నొప్పులతో నాలుగంతస్తులు ఎక్కింది. మూడో రోజు నార్డ్‌బాన్‌హోఫ్ దగ్గరికి మారాము. చిన్న గది, శుభ్రమైన పక్కలు, ఉదయం వేడి రొట్టె, గుడ్లు, పళ్లు. ఆ స్టేషన్‌లోనూ ఒక ప్రదర్శన ఉంది. గోడ ఉన్నన్నాళ్లూ పడమటి రైళ్లు తూర్పు నేల కిందుగా వెళ్తూ ఇక్కడ ఆగకుండా సాగిపోయేవి. అమ్మా నేనూ మిగిలిన రెండు రాత్రులూ అక్కడే రైలు దిగి గదికి నడిచాము.