చిన్న గ్రాంటు, పెద్ద గ్రాంటు: అక్రమ రవాణా నిబంధనల్లో తేడా

అమెరికా ప్రభుత్వ గ్రాంటు ఎంత చిన్నదైనా మనుషుల అక్రమ రవాణాపై షరతు తప్పదు. దాని మూలం 2000 నాటి చట్టం. సంస్థ గానీ, సిబ్బంది గానీ, కింద డబ్బు అందుకునే భాగస్వామి గానీ అక్రమ రవాణాకు, వెట్టిచాకిరీకి పాల్పడితే గ్రాంటు రద్దు చేయొచ్చు. అలాంటి సమాచారం తెలిస్తే వెంటనే ప్రభుత్వానికి చెప్పాలి. అంతే, అక్రమ రవాణాను ఎలా అడ్డుకుంటారో ముందుగా ప్రణాళిక చూపమని అడగరు.

అమెరికా బయట చేసే సేవల విలువ 5 లక్షల డాలర్లు దాటితే లెక్క మారుతుంది. 2013 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం రాతపూర్వక ప్రణాళిక ఉండాలి. ఆ ప్రణాళిక అమల్లో ఉందని గ్రాంటుకు ముందు ఒకసారి, తర్వాత ఏటా ధ్రువీకరణ ఇవ్వాలి. ప్రణాళికలోని ముఖ్యాంశాలను పనిచేసే చోట, వెబ్‌సైట్‌లో పెట్టాలి.

పాస్‌పోర్టు లాక్కోవడం రెండింటిలోనూ నిషేధమే. కానీ ఆఫీసు బీరువాలో రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టుల కట్ట, "భద్రంగా ఉంటాయని దాచాం" అనే సమాధానం ఎక్కడ బయటపడతాయి? ప్రణాళిక రాయడానికి ఎవరో ఒకరు కూర్చుని, వంటమనిషిని ఎవరు తెచ్చారు, ఏజెంటుకు ఎంత కట్టాడు అని అడిగినప్పుడు. గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లున్న ఇళ్లలో ఈ ప్రశ్నల బరువు తెలుసు.

అందుకే నా మాట: చిన్న గ్రాంటైనా రెండో దారే పట్టండి. పెద్ద దస్త్రం అక్కర్లేదు. ప్రణాళిక సంస్థ పరిమాణానికి తగ్గట్టు ఉంటే చాలని చట్టమే అంటోంది.