మానిటర్ కోసం సికింద్రాబాద్: షోరూమ్, సీటీసీ, లాడ్జి గది

ఆన్‌లైన్‌లో నొక్కితే మానిటర్ ఇంటికే వస్తుంది కదా, కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ పోవడం దేనికని ఇంట్లో అందరిదీ ఒకటే మాట. మా బామ్మర్దికి వాలొరెంట్ అనే షూటింగ్ గేమ్ పిచ్చి. నాకేమో రాత్రిపూట కథ ఉన్న గేములు నింపాదిగా ఆడుకోవాలి. ఇద్దరికీ ఒకే తెర సరిపోవాలంటే కళ్లతో చూడకుండా కుదరదు. గేమింగ్ ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) బస్సెక్కాం. జేబీఎస్‌లో దిగాక ఆటోవాళ్ల బేరాలు పట్టించుకోకండి. పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కితే మరుసటి స్టేషనే ప్యారడైజ్.

ముందు ఓ పెద్ద షోరూమ్‌కు పోయాం. చల్లగా ఉంది, సేల్స్ పిల్లలు మర్యాదగా మాట్లాడారు. కానీ అన్ని తెరల మీదా ఒకటే పూల వీడియో, వెలుతురు నిండా పెంచేసి. అలా చూస్తే 60 హెర్ట్జ్‌కూ 180కీ (తెర మీద సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో ఆ లెక్క) తేడా ఏం తెలుస్తుంది? మా ల్యాప్‌టాప్ తగిలిస్తామంటే "పర్మిషన్ లేదు సార్" అన్నారు. పది నిమిషాల్లో బయటపడ్డాం.

గంటకింత అని తీసుకునే గేమింగ్ కేఫ్‌లో పెట్టిన డబ్బు మాత్రం వృథా కాలేదు. 60 నుంచి 144కి మారగానే, గేమ్‌లో గిర్రున తిరిగినప్పుడు నాక్కూడా తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. 240 దగ్గర బామ్మర్ది ఆహా ఓహో అన్నాడు గానీ నాకేం తెలియలేదు. లెక్క కూడా అలాగే ఉంది: ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, 60లో 16.7 మిల్లీసెకన్లు, 144లో 6.9, 240లో 4.2. మొదటి గెంతులో దాదాపు పది తగ్గితే, రెండో గెంతులో మూడు కూడా తగ్గవు. పైగా అన్ని ఫ్రేములు ఇచ్చే గ్రాఫిక్స్ కార్డు మన దగ్గర ఉండాలి.

పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ. ఇరుకు వరండాలు, నడవడానికి అడ్డంగా అట్టపెట్టెలు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, పనిరోజున పోండి. మేం కూర్చున్న షాపాయన ధర చెప్పకముందే "ఏం కార్డు భయ్యా?" అని మా గ్రాఫిక్స్ కార్డు గురించి అడిగాడు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ చూపించమంటే, పక్కనే 24 అంగుళాలది పెట్టి రెండింటిలోనూ ఎక్సెల్ తెరిచాడు. పెద్దదాంట్లో అక్షరాల అంచులు గరుకుగా ఉన్నాయి. అంగుళానికి దానికి 82 పిక్సెళ్లు (చుక్కలు), చిన్నదానికి 92. అదే 27 అంగుళాల్లో, ఇంకా ఎక్కువ పిక్సెళ్లుండే క్యూహెచ్‌డీ అయితే 109.

వీఏ అనే రకం ప్యానెల్‌లో నలుపు నిజంగా నల్లగా ఉంది, నేను దానికి పడిపోయాను. కానీ చీకటి గుహలో పాత్ర పరుగెత్తేసరికి వెనకాల మసి పూసినట్టు చారలు. బామ్మర్ది "వద్దు బావా" అనేశాడు. ఐపీఎస్ అనే ఇంకో రకం ప్యానెలే తీసుకుందామనుకున్నాం. మూడో రకం ఓఎల్‌ఈడీ ధర విని నమస్కారం పెట్టాం.

షాపాయన చెప్పకపోతే తెలియని సంగతి ఒకటుంది. మేం చూస్తున్న 180 హెర్ట్జ్ క్యూహెచ్‌డీ మానిటర్‌కు ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0 (వీడియో కేబుల్ తగిలించే సాకెట్). దాంతో క్యూహెచ్‌డీలో 144 వరకే వస్తుంది, 180 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో సాకెట్ ఉండాలి. మా ల్యాప్‌టాప్‌కు అది లేదు. టైప్-సీలో వీడియో వస్తుందో లేదో అక్కడే చూసి, దానికి తగ్గ కేబుల్ విడిగా కొన్నాం. ధర ఆన్‌లైన్‌కు అటూ ఇటూగానే పడింది. బిల్లు లేకుండా తగ్గిస్తామనే షాపులూ తగులుతాయి, ఒప్పుకోకండి. రేపు వారంటీకి సీరియల్ నంబరున్న జీఎస్టీ బిల్లే ఆధారం. చివరికి రెండు మోడళ్లు మిగిలితే, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మా పిన్‌కోడ్ చెప్పాను. ఇంటికొచ్చి సర్వీస్ చేస్తామన్న కంపెనీదే తీసుకున్నాం. తేడా ఉంటే రేపు మధ్యాహ్నంలోగా మార్చిస్తానని షాపాయనతో బిల్లు వెనకాల రాయించుకున్నాం.

రాత్రికి గదిలోనే తెరను పరీక్షించాలి కదా, లాడ్జి ఎంచుకున్నది కూడా అందుకే. జేబీఎస్ దగ్గర చూసిన మొదటిది చవకే గానీ టేబుల్ లేదు, ప్లగ్గేమో గోడ మీద ఎక్కడో పైన. ప్యారడైజ్ వైపు ఇంకొంచెం ఎక్కువ పెట్టి లిఫ్టు, టేబుల్, మందపాటి కర్టెన్లు ఉన్న గది తీసుకున్నాం. షాపు ట్యూబులైట్ల కింద బ్యాక్‌లైట్ బ్లీడ్ (తెర వెనక లైటు అంచుల్లోంచి కారడం) కనబడదు. గదిలో లైట్లార్పి నల్ల తెర పెట్టాం. కుడివైపు కింది మూల పసుపు వెలుగు. తల జరిపితే అది కూడా మారింది, అంటే ఐపీఎస్ ప్యానెళ్లకు మామూలుగా ఉండే గ్లో. కదలకుండా అక్కడే ఉంటే బ్లీడ్ అనుకోవాలి. తెల్లది, ఎర్రది, ఆకుపచ్చది, నీలిది వరసగా పెట్టి చచ్చిన పిక్సెల్ ఉందేమో వెతికాం, దొరకలేదు. విండోస్ తనంతట తాను 60 మీదే ఉంది, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి పోయి 180 చేశాం.

తిరుగు ప్రయాణంలో పెట్టెను బస్సు డిక్కీలో వేయనివ్వలేదు. పడుకోబెట్టి పైన సంచులు పడేస్తే ప్యానెల్ పని అంతే. కండక్టర్‌ను అడిగి వెనక సీట్ల దగ్గర నిలువుగా పెట్టుకున్నాం. సిద్దిపేట దాటేదాకా బామ్మర్ది దానిమీంచి చెయ్యి తియ్యలేదు.