నీస్ నగరానికి వేసవిలో వెళ్లడం మేలా, చలికాలంలోనా?

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరాన్ని చాలామంది జులై, ఆగస్టు నెలల్లో చూడవలసిన ఊరుగానే భావిస్తారు. నిజానికి ఈ ఊరు పెరిగి పెద్దదైంది చలికాలపు అతిథుల కోసమే. 18వ శతాబ్దం నుంచి ఇంగ్లండు చలికి తాళలేని ధనికులు, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు శరదృతువులో ఇక్కడికి చేరి, ఎండలు ముదరకముందే వెళ్లిపోయేవారు. 1820వ దశకంలో వారు చందాలు వేసుకుని, పనిలేక అల్లాడుతున్న స్థానికులకు కూలి ఇచ్చి వేయించిన సముద్రపు బాటే నేటి ప్రొమెనాడ్ దెజాంగ్లె. 1860లో నగరం సార్డీనియా రాజ్యం నుంచి ఫ్రాన్స్‌కు దక్కింది, 1864లో రైలు వచ్చింది, ఆ వెనుకే రష్యా కులీనులూ వచ్చారు. విక్టోరియా రాణి నగరంలోని సిమియే గుట్టమీద విడిది చేసేది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు కూడా శీతాకాల విడిది నగరంగానే దీన్ని గుర్తించింది.

సముద్రంలో ఈదాలనుకునేవారికి మాత్రం వేసవికి సాటి లేదు. అప్పుడు నీళ్లు 24 డిగ్రీల దాకా వెచ్చబడతాయి, జులైలో వాన దాదాపు ఉండదు, జూన్ చివర్లో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది. అయితే విశాఖ రామకృష్ణా బీచ్‌లాంటి ఇసుకను ఊహించుకుని వెళ్లకండి. ఇక్కడున్నవన్నీ గుండ్రటి గులకరాళ్లే, రబ్బరు చెప్పులు లేనిదే పిల్లలు నాలుగడుగులు వేయలేరు. పైగా గదుల అద్దెలు, రద్దీ రెండూ అప్పుడే పతాకస్థాయిలో ఉంటాయి.

చలికాలంలో పగటి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలు ఉంటుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున ఒకవైపు సముద్రాన్నీ, మరోవైపు మంచు కప్పిన ఆల్ప్స్ శిఖరాలనూ చూస్తూ తీరం వెంట ఎంత దూరమైనా అలసట లేకుండా నడవవచ్చు. పాత బస్తీలో శనగపిండిని నీళ్లతో జారుగా కలిపి, ఆలివ్ నూనె వేసి, వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలో అంచులు మాడేదాకా కాల్చే సొక్కా అనే అట్టు దొరుకుతుంది. మిరియాల పొడి చల్లి ఇచ్చే ఆ వేడి ముక్కను చలిలో నిలబడి తినాలి. శాకాహారులకు ఇంతకన్నా నిశ్చింతైన తిండి అక్కడ అరుదు. ఫిబ్రవరిలో కార్నివాల్ జరుగుతుంది, పూల ఊరేగింపులో మిమోసా అనే పసుపు పూల కొమ్మలను జనంలోకి విసురుతారు. అదే రోజుల్లో రైల్లో వెళ్లిరాగల మాంతోన్ పట్టణంలో నిమ్మపండ్ల ఉత్సవం ఉంటుంది. డిసెంబరులో ఐదింటికే చీకటి పడటం, తీరంలోని కొన్ని హోటళ్లు మూసి ఉండటం లోపాలే. అక్టోబరు, నవంబరు వానల నెలలు కనుక వాటిని చలికాలపు లెక్కలో కలపవద్దు.

మన బడి సెలవులకు కుదిరే మే నెల మధ్యేమార్గంలా కనిపిస్తుంది కానీ, పక్కనే కాన్ చలనచిత్రోత్సవం జరిగే రోజుల్లో నీస్‌లోనూ గదులు ప్రియమవుతాయి. అందువల్ల ఈత కావాలనే పిల్లలుంటే జూన్ మొదటి వారం, లేకుంటే ఫిబ్రవరి అని నా గట్టి అభిప్రాయం. కార్నివాల్ తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి, అవి ప్రకటించాకే విమానం టికెట్లు కొనడం మంచిది. పాత బస్తీలోని కూర్ సలేయా పూల అంగడి సోమవారం ఉండదు, ఆ రోజు అక్కడ పాత వస్తువులు అమ్ముతారు. అంగడికి మరో రోజు కేటాయించుకోండి.