కడిగిన న్యూయార్క్, బొమ్మలేసిన ఫిలడెల్ఫియా

రైళ్ల మీదా గోడల మీదా రంగులతో రాసే పిచ్చిరాతలతో (గ్రాఫిటీతో) విసిగిపోయిన ఈ రెండు అమెరికా నగరాలూ 1984లో చెరో దారి పట్టాయి.

న్యూయార్క్ సబ్‌వేను, అంటే అక్కడి మెట్రో రైళ్లను నడిపిన డేవిడ్ గన్ పెట్టిన రూలు చాలా సింపుల్. ఒకసారి శుభ్రం చేసిన రైలు మీద మళ్లీ రంగు పడితే, కడిగేదాకా దాన్ని పట్టాలెక్కించకూడదు. రాసేవాళ్ల సరదా అంతా తమ పేరు ఊరంతా తిరగడంలోనే ఉంది. అది యార్డు దాటకపోతే రాత్రంతా పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరే కదా! ఒక్కో లైనూ శుభ్రం చేసుకుంటూ వచ్చి, 1989 మే 12న రాతలున్న చివరి రైలునూ పక్కన పెట్టారు. అయిదేళ్లు పట్టింది. ఖర్చు మాత్రం ఆగేది కాదు, కాపలా సడలితే కథ మళ్లీ మొదటికే.

ఫిలడెల్ఫియా మేయర్ విల్సన్ గూడ్ యాంటీ గ్రాఫిటీ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. అందులో చేరిన చిత్రకారిణి జేన్ గోల్డెన్, రాసే కుర్రాళ్ల చేతికే కుంచెలిచ్చి గోడలకు పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. వాటి సంఖ్య ఇప్పుడు వేలల్లో ఉంది. అయితే ఎండావానలకు రంగు వెలుస్తుంది, మళ్లీ దిద్దాలి.

నన్నడిగితే రైళ్లకు మొదటిదే సరి, ఎందుకంటే రైలు రోజూ యార్డుకు వస్తుంది. గోడ ఎక్కడికీ రాదు. మన హైదరాబాద్ ఎం.ఎస్.మక్తాలో ఇళ్ల గోడలకు వేసిన బొమ్మలు చూసినవాళ్లకు రెండో దారి కొత్తేమీ కాదు. మరి మన ఫ్లైఓవర్ల కింద అంటించే పోస్టర్లకు? అక్కడ గీరడం, జరిమానా వేయడం రెండూ కావాలి.