కోర్-నాట్: చిన్న కోతకైతే సరే, పెద్ద కోతకు ఆలోచించాలి

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చి గుండె వాల్వ్ మార్పించుకున్నవాళ్ల బిల్లులో కోర్-నాట్ అని ఒక పద్దు, ఫాస్టెనర్లు ఇన్ని అని ఇంకో పద్దు కనిపిస్తే అది దేనికని అడగడం సహజం. కుట్లకు చేత్తో ముడి వేసే బదులు ఫాస్టెనర్ అనే చిన్న టైటానియం గొట్టాన్ని నొక్కి బిగించే పరికరం అది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్.ఎస్.ఐ. సొల్యూషన్స్ తయారు చేస్తుంది. పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి చేసే మిట్రల్ (గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య వాల్వ్) ఆపరేషన్‌లో దీనికి పెట్టిన డబ్బు దండగ కాదు. రొమ్ము ఎముక కోసి చేసే మామూలు ఆపరేషన్‌లో, చెయ్యి తిరిగిన సర్జన్ ఉన్నప్పుడు, ఇది లేకపోయినా నడుస్తుంది.

కొత్త వాల్వ్ చుట్టూ గుడ్డ అంచు ఉంటుంది. దాన్ని గుండెకు పట్టించడానికి సాధారణంగా 12 నుంచి 16 కుట్లు పడతాయి. ఎక్కువగా వాడేది 2-0 మందం పాలియెస్టర్ అల్లిక దారం. అది జారకుండా నిలవాలంటే ఒక్కో ముడికి ఆరేడు చుట్లు కావాలి. 15 కుట్లకు దాదాపు వంద చుట్లన్నమాట. ఇదంతా గుండె ఆగి, పెద్ద రక్తనాళానికి క్లాంప్ పడి, గుండె పని చేసే యంత్రం (పంపు) మీద మనిషి ఉన్నప్పుడు జరిగే పని, అందుకే నిమిషాలకు విలువ. పెద్ద కోతలో సర్జన్ వేలు నేరుగా అంచు దాకా వెళ్లి ముడిని కూర్చోబెడుతుంది కాబట్టి అక్కడ ఆదా అయ్యేది కొద్ది నిమిషాలే. చిన్న కోతలో వేలు అందదు. ప్రతి చుట్టునూ నాట్ పుషర్ అనే పొడవాటి పుల్లలాంటి సాధనంతో తోయాలి, రెండో చుట్టు దిగేలోపే మొదటిది సడలిపోవచ్చు. ఫాస్టెనర్ అసలు అక్కరకొచ్చేది అక్కడే.

వాడే తీరు చూడటానికి తేలిక. సిస్టర్ పరికరం మొనకు ఫాస్టెనర్ ఎక్కించి ఇస్తుంది. ఒక కుట్టు తాలూకు రెండు దారపు కొసలనూ తీగ ఉచ్చులో దూర్చి లాగితే అవి ఫాస్టెనర్ గుండా పక్కకు వస్తాయి. కొసలను తిన్నగా పట్టుకుని మొనను గుడ్డ అంచు మీదికి దించాలి. మొన అంచుకు నిటారుగా, పూర్తిగా ఆనిందని కంటితో చూశాకే పిడి చివరిదాకా నొక్కాలి. ఒకే నొక్కుకు గొట్టం దారాన్ని కరుచుకుంటుంది, మిగిలిన కొసలు తెగుతాయి.

తేడా వచ్చేదీ ఈ ఆన్చడంలోనే. మొన వాలుగా ఉంటే ఫాస్టెనర్ కింద సందు మిగులుతుంది, ఆ సందులోంచి వాల్వ్ పక్కన లీకు మొదలవ్వచ్చు. చేతి ముడికైతే తర్వాతి చుట్టుతో సర్దుకునే వీలుంది. ఇది ఒకసారి కరిచాక మళ్లీ బిగించేది లేదు. కోసి తీసేసి, కొత్త కుట్టు వేసుకోవాల్సిందే. అలాగని కొసలను అతిగా లాగితే సున్నం పట్టిన, మెత్తబడిన కండలో దారం కోసుకుపోతుంది. నొక్కడం సగంలో ఆపితే పట్టు సరిగా దొరకదు. ఎక్కించిన గొట్టం జారి గుండెలో పడితే వెతికి తీసేదాకా పని ముందుకు సాగదు, కాబట్టి సూదుల లెక్కతోపాటు ఫాస్టెనర్ల లెక్క కూడా పలకమనాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఫాస్టెనర్ ఎటు చూస్తోందన్న దగ్గర. చేతి ముడి కాస్త మెత్తన, ఇది లోహం. జంతు కణజాలంతో చేసిన వాల్వ్‌లో ఫాస్టెనర్ లోపలి వైపు వాలితే వాల్వ్ ఆకు (తెరుచుకుని మూసుకునే రెక్క) గుండె ప్రతి కొట్టుకూ దానికి రాసుకుంటుంది. అలా ఆకుకు చిల్లి పడిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి, వాల్వ్ మార్చకుండా బాగుచేసేటప్పుడు కుట్టే మిట్రల్ రిపేర్ రింగు దగ్గర కూడా. ఒక్కొక్కటీ బయటి గోడ వైపు పడుకునేలా, కుట్టు వేసేటప్పుడే దారం ఎక్కడ పైకి తేలుతుందో చూసుకోవాలి. టీటీకే కంపెనీ వాళ్ల చిత్ర వాల్వ్ లాంటి, ఒకే బిళ్ల తెరుచుకుని మూసుకునే కృత్రిమ వాల్వ్‌లలో బిళ్ల తెరుచుకున్నప్పుడు దాని అంచు బయటికి వస్తుంది. అన్ని ఫాస్టెనర్లూ బిగించాక బిళ్లను తెరిచి మూసి చూడకుండా గుండె మూయకూడదు. (ఈ పరీక్ష చేతి ముడులకూ ఉంది. పొడుగ్గా వదిలేసిన కొస కూడా బిళ్లకు అడ్డం పడగలదు.)

పరికరం ఒక రోగికి, ఒకసారికే. మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడటం పొదుపు కింద చెల్లదు. కోసే అంచు మొద్దుబారితే కొసలు పీచులుగా మిగులుతాయి.

డబ్బు విషయానికొస్తే, కుట్లు పెరిగేకొద్దీ ఫాస్టెనర్లూ పెరుగుతాయి. అడ్మిషన్ కౌంటర్లో ప్యాకేజీ మాట్లాడేటప్పుడే రెండు అడగండి: చిన్న కోతా, పెద్ద కోతా? ఫాస్టెనర్లు ప్యాకేజీలో కలిసే ఉన్నాయా, విడిగా వేస్తారా? పెద్ద కోత అని, విడిగా వేస్తామని అంటే, "చేత్తో ముడులు వేస్తే మీకేమైనా ఇబ్బందా డాక్టర్ గారూ?" అని అడగడంలో తప్పు లేదు. గుండె బలహీనమై పంపు మీద ఎక్కువసేపు ఉంచలేని మనిషి అనో, రెండు వాల్వ్‌లు ఒకేసారి అనో చెబితే ఆ ఖర్చుకు కారణం ఉన్నట్టే.

టైటానియం అయస్కాంతానికి అతుక్కోదు కాబట్టి తర్వాత ఎం.ఆర్.ఐ. అవసరమైతే నిబంధనల ప్రకారం తీయించుకోవచ్చు. వాల్వ్ కార్డు మీదో డిశ్చార్జ్ సమ్మరీలోనో ఫాస్టెనర్లు వాడినట్టు రాయించుకోండి. లేకపోతే ఊళ్లో ఎక్స్-రే తీసినవాళ్లు వాల్వ్ చుట్టూ గుండ్రంగా తెల్లటి చుక్కలేమిటని మిమ్మల్నే అడుగుతారు.