ఏడేళ్లుగా ఫెట్‌తో కరెంటు పాఠం: వాడి చూశాక నా మాట

కళ్యాణదుర్గం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద పిల్లలే చేసి చూసే సైన్స్ ప్రయోగాలు, వాడబట్టి ఏడేళ్లు దాటింది. మొదట పాత కంప్యూటర్ల గదిలో వాడాను. 2023లో బడులు బాగుచేసే నాడు-నేడు పథకం కింద గోడకు పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్ వచ్చాక క్లాసులోనే వాడుతున్నాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పని ఇది. పైసా కట్టక్కర్లేదు. మా ఊరికి అంతకన్నా ముఖ్యం, నెట్ లేకపోయినా నడుస్తుంది. అనంతపురంలో ఇంటి దగ్గర ఫైలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెస్తాను, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

పదో తరగతికి ఎక్కువగా వాడేది సర్క్యూట్ కట్టేది. సెల్లు, తీగ, బల్బు కలిపితే తీగలో నీలం గుండ్లు కదులుతాయి. షార్ట్ చేస్తే మంట లేస్తుంది. ఆ మంట చూసి క్లాసంతా కేకలు! ఆ కేకలే చదువు అనుకుని రెండేళ్లు మురిసిపోయాను. పరీక్షల్లో మాత్రం పాత తప్పులే.

తర్వాత పద్ధతి మార్చాను. మౌస్ ముట్టకముందే నోట్సులో ఊహ రాయాలి. రెండు బల్బులు వరసగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? "ముందున్నదే సార్, కరెంటంతా అదే తాగేస్తుంది" అని సగం మంది రాస్తారు. రెండూ సమానంగా వెలగడం చూశాక మొదలవుతుంది అసలు వాదన. నాకు కావాల్సింది ఆ వాదనే.

బుడ్డలు (వేరుశనగ) పీకే రోజుల్లో కొందరు వారాల తరబడి బడికి రారు. వాళ్లు తిరిగొచ్చాక, పాఠం విన్న పిల్లను పక్కన కూర్చోబెట్టి ఇద్దరికీ ఒక మౌస్ ఇస్తాను. నలుగురికి ఒకటి ఇస్తే ఇద్దరు కునుకు తీస్తారు.

కాంతి వక్రీభవనానికి, రసాయన సమీకరణాల తుల్యానికి కూడా బాగుంది. కొన్ని తెలుగులో ఉన్నాయి. మా పిల్లలది ఇంగ్లీషు మీడియం కాబట్టి మాటలు రెండు భాషల్లోనూ బోర్డు మీద రాస్తాను.

ఒకసారి నిజం సెల్లు, బల్బు చేతికిస్తే ఒక్క జట్టు బల్బూ వెలగలేదు. తీగల తోలు తీయకుండానే మెలిపెట్టారు. స్క్రీన్ మీద ఆ పనే లేదు కదా! ఒకడైతే తీగను కంటి దగ్గర పెట్టుకుని "నీలం గుండ్లు కనపడవేం సార్?" అన్నాడు. అవి మనకు అర్థం కావడానికి గీసిన బొమ్మలని నేను చెప్పనే లేదు, తప్పు నాదే. అప్పటినుంచి ముందు నిజం సెల్లు, తర్వాత స్క్రీన్, మళ్లీ సెల్లు.

మధ్యాహ్నం కరెంటు పోతే ప్యానెల్ ఆరిపోతుంది. బీరువాలోంచి సెల్లు, బల్బుల డబ్బా తీస్తాను. తోలు తీసే పని ఇప్పుడు పిల్లలే మొదలుపెడుతున్నారు.